సోంచాయింపుల మొగులప్ప

మొగులప్పకు యాభై అడుగులకొకసారి ఆలోచన వస్తుంది. వచ్చిందంటే అక్కడే నిలబడిపోవాల్సిందే. నడుస్తూ ఆలోచించడం ఆయన ఒంటికి పడదు. తాండూరులో ముప్పయ్యేళ్లు నాపరాళ్లకు పాలిష్ పట్టిన మనిషికి ఈ జబ్బు ఎక్కణ్ణుంచి అంటుకుందో భార్య శాంతవ్వకు అంతుచిక్కలేదు.

ఆమెకు గుండె ఆపరేషనైంది. రోజూ నడవకపోతే కథ మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు భయపెట్టాడు. అప్పట్నుంచీ ఇద్దరూ పొద్దున్నే వికారాబాద్‌లో ఇంట్లోంచి బయల్దేరి అనంతగిరి గుట్ట దారి పట్టేవాళ్లు. ఆయాసమొచ్చి నలుగురి ముందు కూలబడాలంటే శాంతవ్వకు చచ్చేంత సిగ్గు. ఆ అవసరం మాత్రం ఎన్నడూ రాలేదు. మొగుడు నడవనిస్తే కదా!

"ఆగు, జర సోంచాయించాలె," అనేవాడు. ఒకరోజు చీమల బారు గురించి, ఒకరోజు మోదుగాకులు మూడేసి ఎందుకుంటాయని, ఇంకోరోజు రాయి ముందు పుట్టిందా, మన్ను ముందు పుట్టిందా అని. పావుగంట దారికి గంట పట్టేది. దారిన పోయేవాళ్లు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. శాంతవ్వ బండ మీద కూర్చునేది. ఆమెకు తిట్టేంత ఊపిరి అందగానే, విచిత్రంగా, ఆయన ఆలోచన తెగిపోయేది.

ఒకనాడు మేకలు తోలుకుపోతున్న బీరయ్య దగ్గర ఆమె తన గోడు వెళ్లబోసుకుంది. అతను తెల్లబోయాడు.

"గదేందక్కా? నువ్వు బిడ్డ దగ్గరికి బంట్వారం పోయిన నాడు ఆయనొక్కడే వస్తడు. ఎన్నడు ఆగడు. నా మేకలు గూడ ఆయన ఎంబడి ఉరకలేవు."

మర్నాటి నుంచి శాంతవ్వ తిట్లు తగ్గించి గమనించింది. తనకు ఎక్కడ రొప్పు మొదలైతే సరిగ్గా అక్కడే మొగులప్పకు జ్ఞానం పుట్టుకొస్తోంది. ఆమెకు నవ్వొచ్చింది, ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. అయినా పైకి అనలేదు.

మొన్న పరీక్షలు చేసి, గుండె భేషుగ్గా ఉందని డాక్టరు చెప్పాడు. నెత్తి మీది బరువు దిగినట్టయింది. తెల్లారి శాంతవ్వ సగం గుట్ట ఏకబిగిన ఎక్కేసి వెనక్కి చూస్తే, మొగులప్ప కింద ఒక చెట్టు ముందు నిలబడి ఉన్నాడు.

"నాకిప్పుడు ఆయాసం లేదు. ఇంక నాటకమెందుకయ్యా?" అని పైనుంచే కేకేసింది.

మొగులప్ప దొరికిపోయి తల గోక్కున్నాడు.

"ఇన్నొద్దులు ఉత్తగనే నిలవడ్డ శాంతా. నిలవడంగ నిలవడంగ ఇప్పుడు నిజంగనే సోంచాయింపులు వస్తున్నయి."

శాంతవ్వ ఎక్కినదంతా దిగివచ్చి ఆయన పక్కన నిలబడింది.

"ఏమొచ్చిందో చెప్పు. నేను గూడ సోంచాయిస్త."