నేను ముట్టుకోని సర్వర్

2012లో శంషాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, ఒకే సర్వర్ మీద ముగ్గురి వెబ్‌సైట్లు నడిపేవాణ్ణి. ఒకటి సాతంరాయిలో ఉండే, నేను అన్నా అని పిలిచే ఒకాయన ఎయిర్‌పోర్టు క్యాబులది, ఒకటి కాటేదాన్ వర్క్‌షాపుది, మూడోది ఒక ఫంక్షన్ హాలుది. హాలు ఫోటోలతో మెమరీ నిండినప్పుడల్లా మూడూ కలిసి పడిపోయేవి. నేనే చేత్తో లేపేవాణ్ణి. పడిపోయిన ప్రోగ్రాంను దానంతటదే లేపే కాపలా ప్రోగ్రాములు ఉంటాయని తెలుసు. పెట్టలేదు. బద్ధకం కొంత. "తమ్మీ, నువ్వే దిక్కు" అని వాళ్లు ఫోన్ చేస్తుంటే లోపల బాగుండటం ఎక్కువ.

ఒక ఉదయం సర్వర్ దానంతటదే రీస్టార్ట్ అయింది, చేత్తో లేపేవాళ్లు లేక సైట్లు మూడూ పడే ఉన్నాయి. నేను పెళ్లిలో ఉన్నాను, ఫోన్ బ్యాగులో ఉంది. డ్రైవర్‌కు ట్రిప్పు మెసేజ్ వెళ్లలేదు. అత్తాపూర్‌లో ఒకావిడ ముసలి తల్లితో క్యాబు కోసం ఇంటి గేటు దగ్గరే నిలబడిపోయింది. విమానం వెళ్లిపోయింది.

అన్న అడిగితే నెట్ బందైందన్నాను. నమ్మాడు. నన్ను వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లి, "మా తమ్మి తప్పు లేదమ్మా, నెట్టే గట్ల చేసింది" అన్నాడు. పక్కనే నిలబడి తలూపాను.

తిరుగు దారిలో ఉండబట్టలేక నిజం చెప్పాను. ఆయన బండి పక్కకు ఆపాడు.

"నీ అబద్ధం నా నోట్లకెల్లి చెప్పిస్తివి గదరా! ఇగ నీ సైటు వద్దు. మా ఆమె బుకింగులు నోటుబుక్కులనే రాస్కుంటది."

ఒక్క వారం ఆగమని బతిమాలాను. ముందు వెళ్లి ఆవిడకు నిజం చెప్పి రమ్మన్నాడు. వెళ్లి చెప్పాను.

ఆ వారం రెండు దారులు చూశాను. మూడింటినీ ఒకే కట్టగా కాపలా ప్రోగ్రాంకు అప్పగిస్తే ఒక పూట పని. కానీ ఒకదాన్ని సరిచేయాలంటే మూడూ ఆగాలి. రెండో దారిలో దేనికది వేరు, దేని మెమరీ హద్దు దానిది, ఒకటి పడితే అదొక్కటే లేస్తుంది. పని ఎక్కువ. రెండోదే పెట్టాను.

సాతంరాయిలో వాళ్లింట్లో, బుకింగులు చూసే వదిన ముందు లాప్‌టాప్ పెట్టి సర్వర్ రీస్టార్ట్ చేశాను.

"చెయ్యి పెట్టకు. దూరం కూసో," అంది వదిన.

కూర్చున్నాను. క్యాబులది లేచింది. వర్క్‌షాపుది లేచింది. హాలుది లేవలేదు. ఇదివరకైతే వాళ్లు చూడకముందే తెర మీద ఆ కిటికీ మూసేసేవాణ్ణి.

"వదినా, ఒకటి లేవలేదు. దాని సెట్టింగుల నేనే తప్పు రాసిన."

"గా హాలుది పడ్డా మా బండ్లు ఆగలేదు గదా?"

"ఆగలేదు."

"ఏందో, ఈసారి అడగకముందే చెప్పిండు," అంది అన్నను చూసి. ఆయన నవ్వలేదు కానీ, రేపటి ట్రిప్పులు సైట్లోనే ఎక్కించమన్నాడు.

వదిన నోటుబుక్కు మూసింది. చేతికందే దూరంలోనే ఉంచుకుంది. అలా ఉంచుకోవడమే న్యాయమనిపించింది. హాలు సంగతి చూడటానికి మళ్లీ కూర్చున్నాను.