పద్నాలుగో ప్రశ్న

మా జిల్లా కొడుకులు బంగారం అని వారం రోజులు కనబడిన వాళ్ళందరికీ చెప్పాను. నా దగ్గర రుజువు కూడా ఉంది మరి. మంచాన పడ్డ పెద్దవాళ్ళను ఇళ్ళలో ఎవరు, ఎలా చూసుకుంటున్నారో తెలుసుకునే ఒక పరిశోధనలో చేరాను. ట్యాబు పట్టుకుని బండి మీద ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడగడం నా పని. మా నానమ్మ కూడా మంచం మీదే ఉంది కాబట్టి మొదటి ఫారం అనకాపల్లిలో మా ఇంటిదే నింపాను. తర్వాత దేవరాపల్లి వైపు ఊళ్ళు పట్టాను. "పెద్దవారిని ఎవరు చూసుకుంటున్నారు?" అనేది పద్నాలుగో ప్రశ్న. ఏ గుమ్మంలో అడిగినా ఒకటే జవాబు, కొడుకు. ఈ సంగతి బయటికొస్తే టీవీలో అత్తాకోడళ్ళ సీరియళ్ళు మూసుకోవాల్సిందే అనుకున్నాను.

ఆ జవాబులో పేరున్న వాళ్ళకి సోమవారం శిక్షణ. మంచం మీది మనిషిని మన నడుం విరగ్గొట్టుకోకుండా ఎలా తిప్పాలో, ఎలా లేపి కూర్చోబెట్టాలో ఒక నర్సు నేర్పుతుంది. ఇంటికి ఒక్కరికే చోటు.

శుక్రవారం పొద్దున్న దేవరాపల్లి దగ్గర ఒక ఇంట్లో కోడలు అరుగు మీద కూర్చుని జవాబులు చెబుతోంది. పద్నాలుగోది అడిగాను. "మా ఆయనే సూత్తన్నాడండి," అంది. ఆయన చెరకు తోటలో ఉన్నాడు. పేరు ఎక్కించాను. అంతలో లోపల అత్తగారు మూలిగితే కోడలు లేచి వెళ్ళింది. తలుపులోంచి చూస్తూనే ఉన్నాను. ముసలావిడ చంకల కింద చేతులేసి ఒక్కతే పైకి లాగింది, పక్కకి తిప్పింది, తడిసిన గుడ్డ తీసి పొడిది పరిచింది. తిరిగొచ్చాక కూర్చోలేక గోడ పట్టుకుని నిలబడింది. బరువులెత్తడం మానకపోతే నువ్వూ మంచం ఎక్కుతావని డాక్టరు చెప్పాడట.

"మరి మీ ఆయన చూసుకుంటున్నారన్నారు కదా?" అన్నాను.

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "అవునండి. అత్త ఆయన దగ్గరే కదా ఉంటాది. ఇది సూడ్డం ఏటండి, ఇది పని."

అప్పుడు వెలిగింది నాకు. చూడడమంటే తన ఇంట్లో ఉంచుకుని తిండి పెట్టడం. ఆ మాట కొడుకుది. ఎత్తేదీ తుడిచేదీ తినిపించేదీ ఎవరైనా సరే, ఆ మాట వాళ్ళకి దక్కదు. ఇన్నాళ్ళూ తప్పు మాట పట్టుకుని తిరుగుతున్నానన్నమాట. సిగ్గుపడాల్సింది పోయి, అబద్ధమెందుకు, అసలు సంగతి దొరికిందని ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అక్కడి నుంచే ఈ పరిశోధన నడిపే మేడంకి ఫోన్ చేశాను. ఆవిడ నెమ్మదస్తురాలు. మధ్యలో ప్రశ్నలు మార్చకూడదంది. మార్చొద్దు, పక్కన ఇంకోటి చేర్చండి, ఈ పొద్దున్న లేపి కూర్చోబెట్టింది ఎవరని అడుగుతాను అన్నాను. లేకపోతే సోమవారం నడుం పోయినావిడ ఇంట్లో ఉంటుంది, తల్లిని ఒక్కసారీ లేపని ఆయన వచ్చి నేర్చుకుంటాడు అన్నాను. గొంతు కాస్త పెరిగినట్టుంది, ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. మేడం ఇప్పటికి ఎన్ని ఇళ్ళయ్యాయో లెక్క అడిగింది. చివరికి, ఆదివారం సాయంత్రంలోగా అన్ని ఇళ్ళూ మళ్ళీ అడగగలవా అంది.

అడగగలనా అంటే, ఆ రెండు రోజులూ బండి దిగితే ఒట్టు. గుమ్మాల ముందు బండి ఆపి అక్కడి నుంచే అరిచి అడిగాను. కొడుకు పేరు పక్కన కొత్త పేర్లు చేరుతున్నాయి. కోడలు, కూతురు, ఒకచోట తనే కర్ర పట్టుకుని నడిచే భార్య. ఒకే ఒక్క ఇంట్లో నిజంగానే కొడుకు. అతనికి దండం పెట్టి వచ్చాను.

ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి, అన్నీ అయిపోయాయన్న సంబరంలో ట్యాబులో ఫారాలు మొదటికంటా జరిపాను. మొదటిది మా ఇంటిది. పద్నాలుగో ప్రశ్నకి నా చేత్తో నేనే ఎక్కించిన జవాబు, నాన్న. లోపల అమ్మ నానమ్మని ఒళ్ళోకి ఒరిగించుకుని అన్నం తినిపిస్తోంది.

సోమవారం హాల్లో పేర్లు నేనే చదివాను. దేవరాపల్లి కోడలు ముందు వరసలో కూర్చుంది, పిలవగానే చెయ్యెత్తింది. ఆఖరున మా అమ్మ పేరు చదివాను. రెండుసార్లు చదవాల్సొచ్చింది. పక్కావిడ మోచేత్తో పొడిస్తే గానీ ఆ పేరు తనదేనని అమ్మకి తట్టలేదు.