పడవ సింకుకు పంపు కోసం ఇచ్చోడ దాకా

కరీంనగర్ నుంచి ఇచ్చోడకు పొద్దున బయలుదేరి రాత్రి భోజనం వేళకు తిరిగి రావచ్చా అంటే, రావచ్చు. నేను వచ్చాను. వెళ్ళకుండా ఉంటే ఎంత బాగుండేదని మాత్రం ఈ నెల రోజుల్లో అనుకోని పూట లేదు. మానేరు జలాశయంలో నాకో చిన్న తెరచాప పడవ ఉండేది. పద్దెనిమిది అడుగులది, హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర పాతది కొన్నాను. లోపల వంగి కూర్చునేంత గది, అందులో ఒక గ్యాస్ పొయ్యి, గిన్నెంత సింకు, దానికి ట్యాంకు నుంచి నీళ్ళు తోడే చిన్న బ్యాటరీ పంపు. మూడేళ్ళుగా బతిమాలినా మా ఆవిడ విజయ అందులో కాలు పెట్టలేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది.

"పెండ్లయినకాంచి అద్దె ఇండ్లల్ల మూడో అంతస్తు దాక బిందెలు మోసిన. నీ పడవల గూడ మొయ్యాల్నా? నల్లా తిప్పితే నీళ్ళు రావాలె. ఆదివారం వస్త. రాకపోతే మాత్రం గా పడవను అమ్మెయ్" అంది. కొంటానని ఒకాయన అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి ఉన్నాడు. ఆమె ఉత్తుత్తి మాటలు అనే మనిషి కాదు. బుధవారం నాడు స్విచ్ వేస్తే పంపు గురక పెట్టింది తప్ప చుక్క నీరు రాలేదు. విప్పి చూస్తే లోపలి రబ్బరు పొర చీలిపోయి ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పది రోజులు. కరీంనగర్‌లో నాలుగు దుకాణాలు తిరిగాక ఒకాయన, "ఇచ్చోడల పత్తికి మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే నామ్‌దేవ్ ఉన్నడు సార్. గిసొంటి బ్యాటరీ మోటర్లు ఆయన తాన గుట్టలు గుట్టలు" అన్నాడు.

శుక్రవారం ఐదున్నరకు జగిత్యాల బస్సెక్కాను. నిర్మల్ మీదుగా వెళ్తే దగ్గర. నేను గోదావరి చూడొచ్చని జగిత్యాలలో బస్సు మారి ధర్మపురి దారి పట్టాను, మీరు ఆ పని చేయకండి. లక్సెట్టిపేటలో దిగేసరికి ఎనిమిదిన్నర, బస్టాండు ఎదురుగా ముప్పై రూపాయల ఇడ్లీ బాగుంది. అక్కడి నుంచి జన్నారం అడవి మీదుగా ఉట్నూరు బస్సు. దారి చక్కగా ఉంటుంది, సీటు దొరికితే. ఉచిత టికెట్ కోసం ఆధార్ కార్డులు పట్టుకున్న ఆడవాళ్ళతో బస్సు కిటకిటలాడుతోంది. ఎలాగో ఇరుక్కుని కూర్చుంటే పక్కన ఉన్న పెద్దావిడ నా ఒళ్ళోని సంచీని వేలితో పొడిచి చూసింది.

"గిదేంది కొడుకా, గింత బరువున్నది?"

"పంపు అవ్వా. పడవల సింకుకు."

"పడవల సింకు ఎందుకు?"

"చాయ్ పెట్టుకుంటానికి, గిన్నెలు కడుగుతానికి."

ఆమె నోరు తెరిచి ముందు సీటామెకు చెప్పింది, ముందు సీటామె కండక్టర్‌కు చెప్పింది. "పడవల వంటిల్లా సార్? ఇగ పైన ఒక మేడ గూడ కట్టు" అని అతనంటే బస్సంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. పైకి నవ్వానంతే. మూడేళ్ళుగా బంధువులు, పాత ఆఫీసువాళ్ళు అందరూ ఇదే నవ్వు నవ్వారు. ఉట్నూరు, గుడిహత్నూరు దాటి పన్నెండున్నరకు ఇచ్చోడలో దిగేసరికి, ఇక ఈ జన్మలో ఎవరికీ పడవ మాట చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను.

నామ్‌దేవ్ కొట్టు హైవే పక్కన రేకుల షెడ్డు. అరవై దాటిన మనిషి, కళ్ళజోడుకు ఒక కాడ లేదు, దారం కట్టుకున్నాడు. నా పంపును చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "మోటర్ మంచిగనే ఉన్నది సార్, పొర పోయింది. పొర ఒక్కటే దొరకది. గిదే నమూనా మా పత్తి పంపులల్ల వస్తది. కొత్తయి అయిపోయినయి, పాతది ఉన్నది. దేనికి సార్?"

పడవ మాట నోటి దాకా వచ్చింది. వెనక బల్ల మీద నలుగురు రైతులు చాయ్ తాగుతూ నన్నే చూస్తున్నారు.

"పెరట్ల మొక్కలకు" అన్నాను.

"మొక్కలకైతే ఫికర్ లేదు. సర్ఫ్ నీళ్ళతోని కడిగి ఇస్త" అన్నాడు. కడిగాడు కూడా, రెండుసార్లు. బ్యాటరీకి తగిలించి బకెట్లో నీళ్ళు ఎగజిమ్మించి, పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, నీళ్ళు ఆగితే మోటర్ కూడా దానంతట అదే ఆగుతోందని చూపించాడు. ఆరువందలు తీసుకుని చాయ్ కూడా తాగించాడు. అంత నిజాయితీగల మనిషికి అబద్ధం చెప్పి, రెండింటికి నిర్మల్ బస్సెక్కి, జగిత్యాల మీదుగా ఏడున్నరకల్లా ఇంట్లో పడ్డాను. దారంతా సంతోషంగా ఉన్నాను.

శనివారం సాయంత్రం బిగించాను. అది గంట పని. బ్యాటరీ స్విచ్ తీసేసి, ట్యాంకు నల్లా కట్టేసి, రెండు పైపుల క్లిప్పులు వదులు చేసి పాత పంపు తీసేయాలి. తెచ్చినదాని మీద బాణం గుర్తు సింకు వైపు ఉండేలా పెట్టి, ఎరుపు తీగకు ఎరుపు, నలుపుకు నలుపు కలిపి, మరలకు తెల్ల టేపు చుట్టి బిగించాలి. స్విచ్ వేశాను. నీళ్ళు ధారగా దూకాయి. ముచ్చటపడి రెండు నిమిషాలు అలాగే వదిలేశాను.

ఆదివారం తొమ్మిదింటికి విజయ వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. నల్లా తిప్పింది, ఆపింది, మళ్ళీ తిప్పింది. "వస్తున్నయే" అంది చిన్నపిల్లలా. నేను తెరచాప ఎత్తేందుకు తాళ్ళు సర్దుతుంటే ఆమె చాయ్‌కి నీళ్ళు పెట్టింది. నీళ్ళు మరగడం మొదలుపెట్టాయి. ఒక్కసారిగా పొయ్యి కట్టేసిన చప్పుడు.

"గీ పంపు ఏడికెళ్ళి తెచ్చినవ్?"

చెప్పాను. ఆమెది జమ్మికుంట, పత్తి పండించిన ఇల్లు. గిన్నె మీద నుంచి ముఖం తిప్పుకుంది. "మా బాపు మందు కొట్టి వచ్చినంక అంగీ ఇడిస్తె గిదే వాసన. అవ్వ దాన్ని ఇంట్లకు రానిచ్చేది కాదు. తాగే నీళ్ళకని ఆయనకు చెప్పలేదా?"

"మొక్కలకని చెప్పిన."

"ఎందుకట్ల?"

"నవ్వుతరని."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. సింకు అడుగున ఉన్న రంధ్రం వైపు చూసి, "గీ నీళ్ళు ఏడికి పోతయి?" అని అడిగింది.

"మానేరులకే."

"నిన్న గూడ ఇడిసినవా?"

తలూపాను.

"ఊరంత తాగే నీళ్ళయ్యా అవి" అంది.

పంపులోని మందు ట్యాంకులోకి ఎంత వెనక్కి వెళ్ళిందో ఎవరికి తెలుసు? ముప్పై లీటర్లూ బకెట్లలోకి వంపుకున్నాం. ఒడ్డు ఎక్కి, రోడ్డు దాటి, నీటికి దూరంగా ఉన్న మొరం దిబ్బ దాకా మోసి, గుంట తవ్వి పోశాం. నేనొక్కడినే మోస్తానంటే వినలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఒంటి మీద చిలకకుండా బకెట్‌ను దూరంగా పట్టుకుని నా ముందు నడిచింది. నీళ్ళు మొయ్యనని ఒకే ఒక్క మాట మీద వచ్చిన మనిషి, నేను విషం చేసిన నీళ్ళు మోస్తోంది. ఆమె వెనక నడిచిన ఆ నడక నేను చచ్చేదాకా మరిచిపోను. పడవలోకి ఆమె మళ్ళీ ఎక్కలేదు. నేను బతిమాలలేదు.

మర్నాడు నేనే ఆ కొనేవాడికి ఫోన్ చేశాను. పంపు, పైపులు, ట్యాంకు తీసేసి, కారణం కూడా చెప్పి పడవ అప్పజెప్పాను. ఆయన నవ్వలేదు, ఎన్నో ప్రశ్నలు అడిగాడు. నవ్వుకు జడిసి ఆ షెడ్డులో మింగేసిన ఒక్క మాటను ఈయన ముందు అరగంట చెప్పాను. విజయ ఆ సంగతి ఇంతవరకూ ఎత్తలేదు. ఆదివారాలు ఇంట్లోనే ఉంటున్నాం. చాయ్ పెట్టే ముందు ఆమె గిన్నెను ఒకసారి వాసన చూస్తుంది, నేను ఇటు తిరిగి పేపర్ చదువుతున్నట్టు కూర్చుంటాను.

మీకూ ఇలాంటి పంపు కావాలంటే నిర్మల్ మీదుగా ఇచ్చోడ వెళ్ళండి, నామ్‌దేవ్ మంచి పనివాడు. స్ప్రేయర్‌లో వాడిన పంపును ఎంత కడిగినా తాగే నీళ్ళకు పెట్టకండి, కొత్తది దొరికేదాకా ఆగండి. ఆయన తప్పకుండా దేనికి సార్ అని అడుగుతాడు. పడవలో చాయ్ పెట్టుకోవడానికి అని చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి.