నమ్దాలకు ఉప్పునీళ్లు

మా డేరాల దగ్గర రెండు నీళ్ల ట్యాంకులు ఉండేవి. నీలం ట్యాంకులో తాగే నీళ్లు. అవి రోజూ ట్యాంకరులో వచ్చేవి. నల్ల ట్యాంకులో బోరు నీళ్లు. వాటితో బట్టలు ఉతికితే ఆరాక అంచుల్లో తెల్లగా ఉప్పు తేలేది. నీలం ట్యాంకు మీద మొదటి హక్కు గుర్రాలది. తర్వాత వంటకు, తర్వాత మనుషులు తాగడానికి, మిగిలితే స్నానానికి మనిషికొక బకెట్. గిన్నెలు, నేల, జీన్లు, జీను కింద వేసే మందపాటి బట్టలు, అంటే నమ్దాలు, అన్నిటికీ నల్ల ట్యాంకే. ఈ వరస మా రిసాల్దార్ సాబ్ పెట్టింది.

కరోనా తగ్గాక వచ్చిన రెండో చలికాలం అది. దుబాయ్ శివారులోని మా తబేలాలో కట్టేసే గుర్రాలను పందాల కాలమంతా అల్ ఐన్ వైపు ఎడారిలో ఉంచేవారు. అక్కడి ఇసుకలో దూరం పరుగెత్తడం వాటికి అలవాటు కావాలని. నేను పశువైద్యంలో డిప్లొమా చేసి సహాయకుడిగా చేరాను. డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చేవాడు. మిగతా రోజుల్లో గుర్రాల వీపులు, కాళ్లు, డెక్కలు చూడటం నా పని. రిసాల్దార్ సాబ్ రాజస్థాన్ మనిషి. మన సైన్యంలో గుర్రపు దళంలో పనిచేసి, రిటైరై ఇక్కడికి వచ్చాడు. మా డేరాలను ఆయన మోర్చా అనేవాడు, యుద్ధానికి వచ్చినట్టు. పొద్దున ఈల వేసేవాడు. ముందు నీళ్లు, తర్వాత దాణా, తర్వాత డెక్కలు గీకడం, పేడ ఎత్తడం, మాలిష్. అప్పటిదాకా మాకు చాయ్ లేదు. చివరికి తనిఖీ. ఇస్త్రీ చొక్కాతో వచ్చి, తెల్ల చేతిరుమాలుతో ప్రతి గుర్రం ఒంటినీ తుడిచి చూసేవాడు. రుమాలుకు దుమ్ము అంటితే ఆ ఒక్క గుర్రానికే కాదు, వరసలో ఉన్న అందరికీ మాలిష్ మళ్లీ మొదలు.

ఈ పద్ధతిలో చాలా భాగం సరైనదే. నా కోపం మిగిలిన భాగం మీద.

బూడిదరంగు ఆడ గుర్రం ఒకటి ఉండేది. దాన్ని చూసుకునే సాయిస్‌ది జగిత్యాల దగ్గరి పల్లె. నేను అన్నా అని పిలిచేవాణ్ని. పోయిన పందెంలో ఆ గుర్రం సగంలోనే ఆగిపోయింది. ఈసారి కూడా ఆగితే అమ్మేస్తానని యజమాని మా ముదీర్‌తో, అంటే మేనేజరుతో, చెప్పాడట. అది అందరికీ తెలుసు. గుర్రానికి తప్ప, అనేవాడు అన్న.

దాని వీపు మీద, జీను ముందు భాగం ఆనే చోట, చర్మం ఎర్రబడటం మొదట నేనే చూశాను. జీను కొలత సరిపోయింది. పట్టీ బిగింపు సరిపోయింది. ఎక్కే మనిషి బరువు మారలేదు. మిగిలింది నమ్దా. చేత్తో వంచి చూస్తే అప్పడంలా పెళపెళమంది. చెమటకు అందులోని ఉప్పు కరుగుతుంది, ఎండకు మళ్లీ గట్టిపడి గరుకుగా తేలుతుంది, పైన జీను బరువు. గరుకు కాగితంతో రోజూ రుద్దినట్టే. చర్మం పగలకముందే ఆపితే కొద్ది రోజుల్లో తగ్గుతుంది. పగిలితే ఆ కాలమంతా పోయినట్టే.

రిసాల్దార్ సాబ్ దగ్గరికి వెళ్లాను. రోజుకు రెండు బకెట్ల మంచినీళ్లు ఇస్తే నమ్దాలు జాడించుకుంటామన్నాను.

“ఆజ్ నమ్దా, కల్ తుమ్హారా కమీజ్,” అన్నాడు. ఈరోజు నమ్దాకు ఇస్తే రేపు నీ చొక్కాకు అడుగుతావని.

“చొక్కా కోసం కాదు సాబ్, వీపు కోసం.”

“డాక్టర్ బాబూ, ట్యాంకరు ఇసుకలో కూరుకుపోయిన రోజు నువ్వు ఇక్కడ లేవు. గుర్రాలు ఖాళీ తొట్లు నాకుతుంటే నేను చూశాను.”

“నేను నమ్దాల గురించి అడుగుతున్నాను సాబ్.”

“నేను నీళ్ల గురించి చెప్తున్నాను. ఖలాస్.”

ఆయన చూసింది అబద్ధం కాదు. అందుకే ఇంకా విసుగు. ఆయన దగ్గర ఒక నిజం ఉంది, దాన్ని తలుపుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం నుంచి నా స్నానం బకెట్‌తో ఆ గుర్రం నమ్దా జాడించడం మొదలుపెట్టాను. అన్న ముక్కు మూసుకుని దూరం జరిగాడు.

“గుర్రమన్న మాలిష్‌తోని మంచిగ వాసనొస్తది. నువ్వు పక్కకు పో తమ్మీ.”

“నీ గుర్రం కోసమే కదన్నా.”

“నేను స్నానం చెయ్యకుమన్ననా? చదువుకున్నోళ్లకు ఏదన్న జెప్తె గంతే, నెత్తిమీదికి దెచ్చుకుంటరు.”

కాని ఎరుపు తగ్గింది. తగ్గుతుండగా నమ్దా మాయమైంది. ఆరిన నమ్దాలన్నీ ఒకే కుప్పగా పోసి, చేతికి ఏది దొరికితే అది వేసుకోవాలన్నది అక్కడి మరో నియమం. నేను జాడించింది వరస చివరి మగ గుర్రానికి పోయింది. దాన్ని వెతికి తెచ్చి మూలకు ఎర్ర దారం కుట్టాను. రిసాల్దార్ సాబ్ తనిఖీలో ఆ దారం చూసి, జేబులోంచి చిన్న కత్తి తీసి తెంపేశాడు. రెజిమెంట్‌లో నాది, నీది ఉండదన్నాడు. నేను ఉప్పు గురించి మొదలుపెట్టేలోపే తర్వాతి గుర్రం దగ్గరికి వెళ్లిపోయాడు.

పందానికి లారీ ఎక్కించే రోజు పొద్దుటికి ఎరుపు మళ్లీ తిరిగి వచ్చింది, ఈసారి కొద్దిగా వాపుతో. తనిఖీకి ముందు అన్న అరచేతిలో నూనె వేసుకుని, ఆ చోట వెంట్రుకలను మచ్చ మీదికి నున్నగా దువ్వాడు. ఇది ఆయన ఒక్కడే చేసే పని కాదు. ఒకరి గుర్రంలో తప్పు దొరికితే శిక్ష అందరికీ కాబట్టి, ఒకరి తప్పును అందరూ కప్పేవారు.

“చెప్పకు తమ్మీ,” అన్నాడు మెల్లగా. “పోనియ్. పోకుంటె అమ్ముతరు.”

“పోయి సగంలో ఆగినా అమ్ముతరు కదన్నా. అప్పటికి వీపు కూడా పగుల్తది. గట్ల పగిలినదాన్ని ఎవరు కొంటరు? కొన్నోడు ఎట్ల చూస్తడు?”

రిసాల్దార్ సాబ్ వచ్చి రుమాలుతో మెడ తుడిచాడు. రుమాలు తెల్లగానే ఉంది. ముందుకు కదలబోయాడు.

“సాబ్, వీపు మీద నొక్కి చూడండి,” అన్నాను.

నొక్కాడు. గుర్రం నడుము కిందికి దించి, చెవులు వెనక్కి విరిచింది. ఆయన తన వేళ్లకంటిన నూనె చూసుకున్నాడు.

“తేల్ కిస్నే లగాయా?”

“నేనే సాబ్,” అన్నాడు అన్న.

గుర్రం లారీ ఎక్కలేదు. దాని సాయిస్ కూడా, దాని వీపు చూసుకోవడానికి నేను కూడా. రిసాల్దార్ సాబ్ మా ముందే ముదీర్‌కు ఫోన్ చేశాడు. వీపు మాట ఎత్తకుండా, దీని కాలు కాస్త బరువుగా పడుతోందని, తానే ఆపానని, వచ్చే పందానికి ఇది మొదట నిలుస్తుందని, పూచీ తనదని చెప్పాడు. అమ్మే మాట ఈ కాలం అయ్యేదాకా ఎత్తవద్దని బతిమాలాడు. ఆయన ఎవరినైనా బతిమాలడం నేను అంతకుముందు వినలేదు. అవతల ముదీర్ సరేనన్నట్టున్నాడు. రిసాల్దార్ సాబ్ ఫోన్ జేబులో పెట్టుకుని నావైపు తిరిగాడు. ఇప్పుడైనా ఉప్పు సంగతి అడుగుతాడనుకున్నాను.

“నమ్దా సరిగా దులపలేదు,” అన్నాడు. “వచ్చాక అందరికీ నేర్పిస్తా. యల్లా, లారీ!”

దులిపితే ఉప్పు పోదు సాబ్ అని లారీ వెనక అరిచాను. ఇంజను చప్పుడులో ఆయనకు వినబడిందో లేదో తెలియదు. వినబడినా తేడా ఉండేది కాదు.

డేరాల దగ్గర కొన్ని గుర్రాలు, మేమిద్దరం, వంటమనిషి మిగిలాం. అన్న నాకు వీపు తిప్పి పేడ ఎత్తుతున్నాడు. నూనె పూసింది ఎవరని అడిగినప్పుడు నేను నేలచూపులు చూశానని కోపమో, గుర్రాన్ని ఆపించానని కోపమో నాకు తెలియలేదు. గుర్రాలు తక్కువైనా ట్యాంకరు ఎప్పటిలాగే వచ్చింది. నీలం ట్యాంకు నిండి పైనుంచి కారుతోంది. అన్న కాసేపు ఆ కారే నీళ్లను చూశాడు. వెళ్లి కుప్పలోని నమ్దాలన్నీ ఎత్తుకొచ్చి, గుర్రాల తొట్టి పక్కన పడేసి, నీలం ట్యాంకు పైపు విప్పాడు.

“సాబ్‌కు తెలిస్తే?” అన్నాను.

“తెల్వనియ్. ఆ కొస పట్టు.”

ఆయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని మెలిపెట్టాం. నీళ్లు ఇసుకలోకి కారాయి. వేలితో ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను.

“ఉప్పేనా?” అడిగాడు.

“ఉప్పే.”

అన్న నమ్దాను మళ్లీ నీళ్లలో వేసి, రెండు కాళ్లతో తొక్కడం మొదలుపెట్టాడు.