ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర పై విలువ

కైకలూరులో నా చేపల మేత కొట్టుకు ఎదురుగా ఐసు ఫ్యాక్టరీ ఉంది. దాని గేటు దగ్గర కూర్చుని, వచ్చే పోయే లారీల నంబర్లు రిజిస్టరులో రాసే ఉద్యోగం ఏసోబు గారిది. భార్య పెర్సిస్ గారు లెక్కల టీచరుగా చేసేవారు. ఆవిడ పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ గేటు, అంతే ఆయన లోకం. పలకరిస్తే తప్ప పలకరు. నాకేమో మాట్లాడకపోతే పొద్దుపోదు. మధ్యాహ్నం ఆయన క్యారేజీ విప్పే వేళకు వెళ్లి పక్కన కూర్చునేవాణ్ణి.

ఒకరోజు చూద్దును కదా, ఓ నోటుపుస్తకంలో లారీ నంబర్లు జంటలు జంటలుగా రాసి, కొన్నింటికి టిక్కులు పెడుతున్నారు. ఏమిటండీ ఈ గోల అని కసిరితే గానీ చెప్పలేదు. ఎప్పుడో పెర్సిస్ గారు చెప్పిన సంగతట. ఎలా పడితే అలా రెండు సంఖ్యలు తీసుకోవాలి. రెండు, మూడు, అయిదు, ఏడు, ఇలా ఏ ప్రధాన సంఖ్యా ఆ రెండింటినీ భాగించకూడదు. పద్నాలుగు, పదిహేను అలాంటి జంట, దానికి టిక్కు. పద్నాలుగు, ఇరవై ఒకటి కాదు, ఏడు రెండింటినీ భాగిస్తుంది. వెయ్యి జంటల్లో టిక్కు పడ్డవి ఎన్నో చూసి, ఆరు వేలను దాంతో భాగించి వర్గమూలం కడితే, ఇంచుమించు పై విలువ వస్తుందట. మూడు పాయింటు ఒకటి నాలుగు. వృత్తాల లెక్కల్లో వాడతామే, ఆ పై!

గుండ్రాలెక్కడ, లారీ నంబర్లెక్కడ? నాకు ఒళ్లు మండింది. మీ ఆవిడ మిమ్మల్ని ఆటపట్టించి ఉంటుందనేశాను. ఆయన ముఖం చూశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ మాట నిజమో కాదో తేల్చుకోవాలి, అదొక్కటే ఆయనకు కావలసింది. ఫోనులో చూసుకోవచ్చు కదా అంటే, ఫోను చెబితే నమ్మడం కాదండి, చేత్తో చేసి చూడాలన్నారు.

వెయ్యి జంటలు ముగిసేసరికి నెలలు గడిచాయి. టిక్కులు అయిదు వందల పదమూడు. విలువ మూడు పాయింటు నాలుగు రెండు. మూడుసార్లు సరిచూసినా అంతే. ఆ వారమంతా ఆయన అన్నం సగానికి సగం వదిలేశారు. చూస్తుంటే నాకే ఏడుపొచ్చింది.

అంతలో నేను కొత్త వ్యాను కొన్నాను. నంబరు 4131. అంకెలు కూడితే తొమ్మిదండీ, ఏరికోరి తెచ్చుకున్నాను, ఈ ఊళ్లో చేపల లారీల వాళ్లకి తొమ్మిదంటే పిచ్చి అని గొప్పలు పోయాను. అన్నం కలుపుతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

"కూడితే తొమ్మిదొచ్చే నంబరు మూడుతో భాగం పోతుందండి," అన్నారు. "అలాంటివి రెండు జంటపడితే ఇక టిక్కు పడదు. ఇవన్నీ ఏరుకున్న నంబర్లండి. ఎవరూ ఏరని సంఖ్యలు తీసుకోవాలి."

నా పిచ్చీ, నాలాంటి వాళ్ల పిచ్చీ ఆయన లెక్కను ముంచిందన్నమాట. సిగ్గేసింది. మర్నాటి నుంచి ఆయన బస్టాండులో జనం పారేసిన టికెట్లు ఏరడం మొదలుపెట్టారు. టికెట్టు నంబరు ఎవరూ కోరి తెచ్చుకోరు కదా. పెళ్లాం పోయాక మతి చలించిందని జనం అనుకున్నారు. అన్నవాళ్లని నేను దులిపేశాను. నేనూ దొరికినవి జేబులో వేసుకొచ్చి ఇచ్చేవాణ్ణి.

ఈసారి టిక్కులు ఆరు వందల పదకొండు. మూడు పాయింటు ఒకటి మూడు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆవిడే గెలిచారండీ, కాజాలు తెప్పిస్తాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"పెళ్లయిన కొత్తలో చెప్పిందండి ఈ సంగతి, ఎంతో సంబరంగా. నలుగురి ముందూ పడీపడీ నవ్వాను. ఆ తర్వాత ఇరవయ్యారేళ్లు కాపురం చేసిందండి. నా దగ్గర మళ్లీ లెక్కల మాట ఎత్తలేదు."