హాట్ ప్రెస్‌లో ఆరిన శుభలేఖలు

కార్క్ నగరం పక్కన బాలింకాలిగ్‌లో మేము పెరిగిన అద్దె ఇంటి హాట్ ప్రెస్ తలుపు మొన్న శనివారం చివరిసారి తీశాను. వేడినీళ్ళ ట్యాంకు చుట్టూ చెక్క అరలు కొట్టి, తువాళ్ళు ఆరేసుకునే అలమరను ఇక్కడ అలా అంటారు. వెచ్చటి తువాళ్ళ వాసన, దాని వెనకాల ఎండిన జిగురు వాసన, అన్నిటికంటే అడుగున సన్నగా పసుపు వాసన. ఓనరు ఇల్లు అమ్ముకుంటున్నాడు, అమ్మ నాతో లిమరిక్ వచ్చేస్తోంది. వారమంతా ఆసుపత్రిలో డ్యూటీ చేసి వచ్చి ఇరవై రెండేళ్ళ సామాను సర్దడమంటే ఒళ్ళు హూనమైపోతుంది.

అమ్మ కూడా నర్సే. నా చిన్నప్పుడు కార్క్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ పెళ్ళి ఏది జరిగినా శుభలేఖలు, అతిథులకు గుర్తుగా ఇచ్చే చిన్న చిన్న కానుకలు అమ్మే చేసేది. శనివారాలు కిటికీ అద్దాల మీద వాన కారుతుంటే, పొయ్యి మీద చారు కాగుతుంటే, వంటింటి బల్ల నిండా రంగు అట్టలు, జరీ ముక్కలు, పూసలు పరుచుకుని అమ్మా, పక్కింటి పద్మ ఆంటీ కత్తిరిస్తూ అతికిస్తూ కూర్చునేవాళ్ళు. ఒకరికి నెమలి కావాలి, ఒకరికి తామరలు కావాలి, ఒక పెళ్ళికొడుక్కి ఏకంగా గొర్రెలు కావాల్సొచ్చాయి. ఈ దేశపు తేమకు జిగురు ఎంతకీ ఆరి చావదు కనుక కార్డులన్నీ హాట్ ప్రెస్ అరల్లో తువాళ్ళ మధ్యకి చేరేవి. ఆ తువాళ్ళతో తుడుచుకుని బడికి పోతే నా చెవుల వెనక మెరుపుపొడి తళతళలాడేది, పిల్లలు ఏడిపించేవాళ్ళు. ఆకురాలే కాలంలో చెస్ట్‌నట్ గింజలకు దారాలు కట్టి పందేలాడి, తడిసిన కోటుతోనే వచ్చి ఆ బల్ల కింద దూరేదాన్ని. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది అక్కడే, కవర్ల మీద పేర్లు రాసి రాసి. ఒకసారి ‘వధువు’లో కొమ్మూ చివరి అక్షరమూ మింగేసి ‘వధ’ అని రాస్తే, పద్మ ఆంటీ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

చివరి పని నాలుగు మూలలా పసుపు పెట్టడం. అది పద్మ ఆంటీది. "పసుపు లేని కార్డొస్తే చావు కబురనుకుంటరు బిడ్డా," అని ఒకసారి నాకు చెప్పింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ మాట పట్టుకుని చాలా రోజులు భయపడ్డాను.

ఆ డిసెంబరులో మార్తమ్మ ఆంటీ కూతురి పెళ్ళి కుదిరింది. అమ్మతో పనిచేసే నర్సు ఆమె. పెళ్ళికూతురు ఈ దేశపు గుర్తైన షామ్‌రాక్ ఆకులూ మన మల్లెపూలూ కలిపి కావాలంది. అమ్మ పచ్చటి గుడ్డతో మూడు రేకుల ఆకులు కత్తిరించి, తెల్లదారంతో మొగ్గలు కుట్టి, మధ్యమధ్య క్రిస్మస్‌కి అరిసెలు వండుతూ, మూడు వారాల్లో అరవై కార్డులు పూర్తిచేసింది. ఆ శనివారం డ్యూటీ నుంచి వచ్చి యూనిఫాం కూడా మార్చకుండా సోఫాలో నిద్రపోయింది. హాట్ ప్రెస్ తెరిచి చూస్తే ఒక్క కార్డుకీ పసుపు లేదు. అలసటలో అమ్మ మరిచిపోయిందనుకున్నాను. గిన్నెలో పసుపు కలిపి, అరవై కార్డులకూ, నాలుగేసి మూలలా, వేలు ముంచి ముంచి పెట్టాను. పెళ్ళికూతురిని బతికించానని నా ధీమా.

మార్తమ్మ ఆంటీ వాళ్ళ చర్చి సంఘంలో శుభలేఖలకు పసుపు పెట్టరు, పెద్దలు ఒప్పుకోరు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

అమ్మ లేచి చూసి, "ఏందే ఇది? ఎవురు పెట్టమన్నారే నిన్ను?" అంది.

"ఐ వాజ్ ఓన్లీ హెల్పింగ్," అన్నాను. చావు మాట ఎత్తాలంటే నోరు రాలేదు.

"ఇంకెప్పుడూ నా పనికి అడ్డం రాబాకు."

కొట్టలేదు, అంతకుమించి తిట్టనూ లేదు. మర్నాటి నుంచి రోజూ డ్యూటీ దిగి వచ్చి ఆ అరవై కార్డులూ మళ్ళీ మొదటి నుంచి చేసింది. పెళ్ళి గ్రాండ్‌గా జరిగింది, కార్డుల సంగతి ఎవరికీ తెలియలేదు. నేను మాత్రం ఆ బల్ల దగ్గర మళ్ళీ కూర్చోలేదు, అమ్మా పిలవలేదు. నా బాల్యంలో మెరుపుపొడి అక్కడితో అయిపోయింది.

పద్మ ఆంటీ వాళ్ళు ఎప్పుడో అత్లోన్ వెళ్ళిపోయారు. అమ్మ వేళ్ళు వంకర తిరిగి ఇప్పుడు కత్తెర పట్టవు. నా పెళ్ళి పిలుపు ఫోన్లలో వీడియోగా వెళ్ళింది, అందరూ బొటనవేలు గుర్తు పంపి ఊరుకున్నారు. లిమరిక్‌లో నా ఫ్లాట్‌కి హాట్ ప్రెస్ లేదు.

మొన్న అడుగు అర ఖాళీ చేస్తుంటే, పాత దుప్పటి మడతలో ఒక కార్డు దొరికింది. షామ్‌రాక్ ఆకులు వెలిసిపోయాయి. నాలుగు మూలలా నా చిన్నప్పటి పసుపు వేలి ముద్రలు మాత్రం చెక్కుచెదరలేదు. తీసుకెళ్ళి, డబ్బాల మధ్య కుర్చీలో కూర్చున్న అమ్మ ఒళ్ళో పెట్టాను.

"పారేయబుద్ధి కాలా," అంది.

"పసుపు లేకపోతే చావు కబురనుకుంటారని పద్మ ఆంటీ చెప్పిందమ్మా. నువ్వు మరిచిపోయావనుకున్నా. ఆ పిల్ల చచ్చిపోతుందని భయమేసింది."

అమ్మ కార్డును కిటికీ వెలుగులోకి తిప్పింది.

"అప్పుడే చెప్పొచ్చు గదంటే."

"నువ్వు అడగలేదు."

"అడిగే ఓపిక యాడుందే నాకు," అంటూ ఆ ముద్ర మీద తన వంకర వేలు ఆనించింది. "అడ్డం రాబాకన్నా, గదా?"

"అన్నావు."

కార్డు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు ఊని మెల్లగా లేచి, టేపు చుట్ట తీసుకుని డబ్బా దగ్గరికి నడిచింది.

"ఇట్టా రా," అంది. "ఈ చివర పట్టుకో."

పట్టుకున్నాను.