వానలో వంటావార్పు

ఆ రోజుల్లో సిరిసిల్లలో పదిమంది ఒకచోట చేరారంటే అది తెలంగాణ కోసమే అయి ఉండేది. పెళ్లి ఊరేగింపు మధ్యలో ఎవరైనా పిడికిలెత్తి నినాదం ఇస్తే పెళ్లికొడుకుతో సహా అందరూ 'జై' అనేవారు. ఎప్పుడు చూసినా రాస్తారోకోలు, బంద్‌లు, రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండుకు తినే వంటావార్పులు. సరిగ్గా ఆ కాలంలోనే, డిగ్రీ అయిపోయి కోరుట్లలో ఖాళీగా కూర్చున్న నాకు ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం దొరికింది. వరద వస్తే ఏం చేయాలో, రాకముందే ఎలా సిద్ధపడాలో జనానికి నేర్పడం నా పని. (నాకు ఈత రాదు. వరదను టీవీలో తప్ప చూసి ఎరగను.) అయినా మెడలో ఈల వేసుకుని, సిరిసిల్లలో చెరువు కింది వాడలో ఉండే మా మేనత్త ఇంట్లో దర్జాగా దిగాను.

మొదటి మీటింగుకే నా పరువు పోయింది. 'విపత్తుల గురించి మాట్లాడుకుందాం, రండి' అని వాడంతా తిరిగి చెప్తే జనం బాగానే వచ్చారు. నేను పొంగిపోయి గొంతు సవరించుకునేలోపే ముందు వరుసలోంచి ఒక పెద్దావిడ లేచింది. "గడికోసారి కరెంటు పోతుంటె సాంచలెట్ల నడుస్తయమ్మా? మీ సారుకు జెర చెప్పరాదు?" (సాంచలంటే మరమగ్గాలు, ఆ వాడకు అన్నం పెట్టేవి అవే.) విపత్తు కాస్తా వాళ్లకు విద్యుత్తుగా వినబడిందన్నమాట! నేను కరెంటు ఆఫీసు మనిషిని కాదని తేలగానే సగం మంది లేచిపోయారు. మిగిలినవాళ్లకు, ఇల్లు వదిలేటప్పుడు బియ్యం, అగ్గిపెట్టె, మంచినీళ్లు, కప్పుకోవడానికి ప్లాస్టిక్ పరదా పట్టుకోవాలనీ, నా ఈల వినబడితే ఎత్తు మీదున్న బడికి పరుగెత్తాలనీ చెప్పి, మర్నాడు రిహార్సల్ పెట్టాను. బలంకొద్దీ ఊదాను. వచ్చింది మా అత్త, ఆమె వెనక వీధి కుక్కలు. అత్త కూడా "పాపం, పిల్ల ఊదుతాంది" అని జాలిపడి వచ్చిందే.

ఆ తర్వాత వాన పట్టుకుంది. తెరిపి లేని వాన. ఒక పొద్దున గొడుగేసుకుని చెరువు కట్ట మీదికి వెళ్లి చూస్తే, తూము పక్కన కట్ట అడుగు నుంచి నీళ్లు ఊరుతున్నాయి. తేటగా ఊరితే కంగారు లేదు, బురదగా వస్తే మాత్రం లోపల మట్టి కోసుకుపోతున్నట్టే అని మాకు శిక్షణలో చెప్పారు. అవి అచ్చం చాయ్ రంగులో ఉన్నాయి. మా సారుకు ఫోన్ చేస్తే, బస్సులు బందై ఆయన కరీంనగర్‌లో చిక్కుకుపోయాడు. పరుగున తహసీల్దారు ఆఫీసుకు పోతే తాళం. ఉద్యోగులంతా ఎదురుగా టెంటు కింద సమ్మెలో కూర్చున్నారు. సంగతి చెప్పగానే పాపం వాళ్లు పాట ఆపి లేచారు. "మేం ఇసుక బస్తాలు ఏస్తం గని, నువ్వు ఉరికి మందిని లేపమ్మా" అంటూ పారలు వెతుక్కుని కట్ట మీదికి పోయారు.

వాడలోకొచ్చి ఈల ఊదాను. ఒక తలుపు వెనక నుంచి "మల్ల షురూ చేసింది" అన్న మాట వినబడింది. నిజంగానే చెరువు తెగేలా ఉందని గొంతు చించుకున్నాను. అరుగు మీద చాయ్ తాగుతున్న ఒకాయన నన్ను కింది నుంచి మీదికి చూసి, "నేను పుట్టినకాంచి తెగలే. నువ్వచ్చినవని తెగుతదా?" అన్నాడు.

ఏడుస్తూ ఇంటికొచ్చాను. అక్కడ మా మామ ఉద్యమం పాటలు వేయడానికి తన ఆటోకు మైకు కట్టుకుంటున్నాడు. వాడలో ఆయన్ని 'మైకు మామ' అనేవారు. నెలల తరబడి నినాదాలిచ్చి గొంతు పూర్తిగా పోయింది. డాక్టరు నోరు తెరవొద్దన్నాడు కాబట్టి సైగలతో నెట్టుకొస్తున్నాడు. నా ఏడుపంతా విని అత్త అంది.

"ఈలకు రారు, చెరువుకు రారు. తెలంగాణకైతె రాకుంట ఉంటరా? బడి కాడ వంటావార్పు అని పిలువు."

ఉద్యమం పేరు మీద అబద్ధమా అని మామ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"అబద్ధమెట్లయితదయ్యా? నిజంగనే వండుదాం. నేనే వండుత" అని అత్త బియ్యం డబ్బా చంకన పెట్టుకుంది.

మామకు గొంతు లేదు కనుక మైకు నా చేతికొచ్చింది. "అక్కలారా, అన్నలారా, బడి కాడ వంటావార్పు! ఇంటిల్లిపాదీ రావాలె! జై తెలంగాణ!" అన్నాను. నా గొంతు కోడిపిల్ల గొంతులా ఉందట, అత్త ఇప్పటికీ అంటుంది. కానీ తలుపులు తెరుచుకున్నాయి! గంజుల్లో బియ్యం పోసుకుని, బిందెల్లో మంచినీళ్లు పట్టుకుని, అగ్గిపెట్టెలు తడవకుండా కొంగున ముడేసుకుని, నెత్తి మీద పరదాలు కప్పుకుని జనం కదిలారు. నేను మీటింగులో నేర్పలేకపోయిందంతా నెత్తిన పెట్టుకుని నడుస్తున్నారు. నడవలేని ముసలివాళ్లు ఆటో ఎక్కారు. ఆ అరుగు మీది చాయ్ ఆయన మాత్రం "గీ వానల పొయ్యెట్ల అంటుకుంటదే?" అని అనుమానపడ్డాడు. "తెలంగాణ కోసం గంత తడువలేవా?" అంది అత్త. ఆయన వెంటనే కట్టెల మోపు ఎత్తుకున్నాడు.

బడి వరండాలో మూడు రాళ్లు పెట్టి ఊదుతుండగా కింద నుంచి పెద్ద చప్పుడు. కట్ట మీద ఉన్నవాళ్లు కేకలేస్తూ పక్కకు పరుగెత్తడం కనబడింది. తూము దగ్గర కట్ట జారిపోయి, ఎర్రటి నీళ్లు మా వాడలోకి దూకాయి. ఇల్లిల్లూ చూసుకుంటూ, పక్కనున్న పిల్లల తలలు తడుముకుంటూ నిలబడిపోయాం. అంతలో ఎవరో అడిగారు, "అమ్మా, మీ అత్తేది?"

ఉప్పు మర్చిపోయానని ఇంటికి పోయిందట.

మామ వరండా అంచుకు ఉరికాడు. డాక్టరు కట్టేసిన ఆ గొంతు ఎక్కడి నుంచి తన్నుకొచ్చిందో గానీ, "ఓసేయ్! యాడున్నవే!" అన్న కేకకు బడి రేకులు అదిరాయి.

"గీడనే ఉన్న" అంది అత్త మా వెనక నుంచి. దారిలోనే నీళ్ల చప్పుడు విని వెనక్కి తిరిగి, బడి దారిలోని కొట్టాయనతో షట్టరు సగం ఎత్తించి ఉప్పు తెచ్చిందట. మామను ఎగాదిగా చూసి, "గొంతు పోయిందంటివి గద?" అంది. మామ ఆమె చేతిలోంచి ఉప్పు ప్యాకెట్ తీసుకుని, పోయి పొయ్యి ముందు కూర్చున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి అందరం తలలు తిప్పుకున్నాం.

ఆ వరదకు కొన్ని గోడలు కూలాయి. సాంచల మోటార్లు ఎండి మళ్లీ తిరగడానికి చాలా రోజులే పట్టింది. ఒక్క మనిషికి కూడా ఏమీ కాలేదు. ఆ మధ్యాహ్నం వాడంతా ఒకే వరండాలో కూర్చుని అన్నం, పప్పు తిన్నాం. ఉప్పు కాస్త ఎక్కువే పడింది. నా కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతుంటే, చాయ్ ఆయన పక్కన కూర్చుని "ఏమైంది బిడ్డా?" అని అడిగాడు. తడి కట్టెల పొగ అన్నాను. వరదల మీద వాడకు పాఠాలు చెప్పడానికి వచ్చినదాన్ని, పదిమందిలో ఏడిస్తే ఏం బాగుంటుంది అనుకున్నాను. పొయ్యి ఆరిపోయి చాలాసేపైందని అప్పుడు నాకు తట్టనే లేదు. ఆయన మాత్రం "అవునవును, పొగే" అని నా పళ్లెంలో ఇంకింత అన్నం పెట్టాడు.